అద్దం కడిగే నీళ్ళు

వర్క్‌షాప్ అంకుల్ పోయారన్న వార్త నాకు వాట్సాప్‌లో తెలిసింది. మా సింగపూర్ తెలుగువాళ్ళ గ్రూపులో ఉదయం ఎనిమిదింటికి ఎవరో పెట్టారు. దాని కింద వరసగా ఓం శాంతులు పడ్డాయి, అన్నీ ఒకరి దగ్గర్నుంచి ఒకరు ఎత్తి అతికించినవే. ఒకాయన పొరపాటున బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టి, నాలిక కరుచుకుని, చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఆ వెంటనే ఒకావిడ లిటిల్ ఇండియాకి మంచి గోంగూర వచ్చిందనీ, కావలసినవాళ్ళు పేర్లివ్వమనీ రాసింది. ఓం శాంతి అన్నవాళ్ళే గోంగూరకీ పేర్లిచ్చారు. నాకు ఒళ్ళు మండి ఫోను బోర్లా పెట్టేశాను. అయితే ఆ ఓం శాంతుల్లో ఒకటి నాదే.

ఆయన్ని ఎరగనివాళ్ళకి చెప్పాలి. ఆంగ్ మో కియో ఇండస్ట్రియల్ పార్కులో, ఒక బిల్డింగు మూలన ఉన్న కారు వర్క్‌షాప్‌లో ఆయన ముప్పై ఏళ్ళు పనిచేశారు. సొంత ఊరు శ్రీకాకుళం వైపు. బ్యాంకుల్లో, కంప్యూటర్ కంపెనీల్లో ఉద్యోగాలు చేసే మాలాంటివాళ్ళం, ఈ ఊళ్ళో కారు కొనగలిగామన్న గర్వంతో ఆయన దగ్గరికి వెళ్ళేవాళ్ళం. ఆయన ఆ గర్వాన్ని రెండు నిమిషాలు ఉండనిచ్చేవారు కాదు. బానెట్ ఎత్తగానే ఇంజను వైపు చూసేవారు కాదు. ముందు అద్దం కడిగే నీళ్ళ ట్యాంకు మూత తీసి, వేలు ముంచి, వాసన చూసేవారు. తర్వాత ఆ వేలు మన ముక్కు దగ్గర పెట్టేవారు.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు అదే జరిగింది. పూలకుండీలో వారాలకొద్దీ మురిగిన నీళ్ళ కంపు. ఆయన వేలికి పచ్చటి జిగురు అంటుకుని ఉంది.

"ఛీ," అన్నారు అంకుల్. "ఏటి బాబూ ఇది? పంపు నీళ్ళు పోసి వదిలీసినావు. ఈ ఊరి ఎండకి ఇందులో నాచు పట్టీసింది. దీన్ని అద్దం మీద చిమ్ముకుని రోడ్డు సూస్తావేటి?"

ఇక్కడ మాలో చాలామందిమి చేసే పనే అది. చలి లేదు, మంచు లేదు, నీళ్ళు గడ్డకట్టే బెడద లేదు. కార్ పార్కు కుళాయి దగ్గర బాటిల్ పట్టి పోసేయడమే. ఆయన మాత్రం రబ్బరు గొట్టంతో ఆ మురుగంతా లాగి, రెండుసార్లు కడిగి, షాపుల్లో దొరికే నీలం మందు పోసి, నన్ను లోపల కూర్చుని మీట నొక్కమనేవారు. తను కారు ముందు నిలబడేవారు. రెండు సన్నటి ధారలు అద్దం మీద పడాలి, వైపర్ తుడవాలి, తుడిచి తన చోటికి వెళ్ళి పడుకోవాలి. అప్పటిదాకా కదిలేవారు కాదు. అప్పుడు ఒక్కసారి తల ఊపేవారు. "ఇంజను పాడైతే బండి ఆగిపోతాది, అంతే. అద్దం పాడైతే ఎవుడి మీదకో పోయి ఆగుతాది," అనేవారు.

ఆయన షెల్ఫులో ఒక డబ్బా విడిగా ఉండేది. మైనస్ ముప్పై దాకా గడ్డకట్టని అద్దం మందు, చలిదేశం నుంచి ఎవరి చేతో తెప్పించుకున్నది. ఫ్యాను తిప్పినా చెమట ఆరని ఊళ్ళో మైనస్ ముప్పై మందు ఎందుకని మేం వేళాకోళం చేసేవాళ్ళం. ఉండనీయండి, అనేవారు. ఆయనకి ఛీ అనిపించేవి ఇంకా చాలా ఉండేవి. హాకర్ సెంటర్లో, అదే ఇక్కడి తిండి బజార్లో, ముసలివాళ్ళు పళ్ళేలు పట్టుకుని నిలబడి ఉంటే, టిష్యూ ప్యాకెట్టు విసిరి బల్ల ఆక్రమించేవాళ్ళు. సీటు సందుల్లో చిప్స్ ముక్కలు కుక్కి కారు అప్పగించేవాళ్ళు. మా పార్టీల్లో మందు బాటిల్ మూత తీయగానే చెప్పులేసుకుని వెళ్ళిపోయేవారు. పెద్దాయన చాదస్తం అనుకునేవాళ్ళం.

నాలుగేళ్ళ కిందట డిసెంబర్ సెలవులకి మేం జపాన్‌లో హొక్కైడో వెళ్ళాం. మంచు చూడాలని సింగపూర్ తెలుగువాళ్ళకి ఒక పిచ్చి. పైగా అక్కడ స్టీరింగు మనకిలాగే కుడివైపు, కాబట్టి కారు అద్దెకి తీసుకుని తిరిగేయవచ్చని మగవాళ్ళకి మహా ధైర్యం. వెళ్ళే ముందు సర్వీసుకి ఇస్తే అంకుల్ నన్ను కూర్చోబెట్టి చెప్పారు. ట్యాంకులో మందు అయిపోతే అక్కడి చలికాలం మందే కొని పొయ్యాలి. ఒక్క గ్లాసు నీళ్ళు కూడా కలపకూడదు, కలిపితే మందు బలం చచ్చిపోతుంది. చిమ్మే ముందు అద్దానికి వేడిగాలి పెట్టి, అది వెచ్చబడ్డాకే మీట నొక్కాలి. చల్లటి అద్దం మీద నీళ్ళు పడ్డాయంటే పడ్డచోటే గడ్డ.

అక్కడ జపాన్ వాళ్ళున్నారు, అన్నీ వాళ్ళే చూసుకుంటారులే అంకుల్ అని నేను నవ్వాను. పక్కనున్న స్నేహితుడికి కన్ను కూడా కొట్టాను. అంకుల్ చూశారనే నా అనుమానం.

మూడో రోజు, ముందు లారీలు ఎగజిమ్మే బురదమంచు కడుగుతూ కడుగుతూ ట్యాంకు ఖాళీ అయింది. దారి పక్క ఒక చిన్న షాపు దగ్గర భోజనానికి ఆగాం. ఆ షాపు గుమ్మంలోనే నీలం డబ్బాలు పేర్చి ఉన్నాయి. డబ్బాల మీద జపాన్ అక్షరాలు. ఎవరినైనా అడిగితే ఒక నిమిషం పని. నాకు ఆ నిమిషం బరువైంది. మా తాగే నీళ్ళ బాటిళ్ళు రెండూ ట్యాంకులో వంచేశాను. అప్పటికి తొమ్మిదేళ్ళ మా అమ్మాయి నా పక్కనే ఉంది. "అంకుల్ నీళ్ళు వద్దన్నారు కదా నాన్నా," అంది. మీ అంకుల్‌కి వేరే పనేముంది, అన్నాను.

పెద్ద రోడ్డెక్కాక ఎదురు లారీ అద్దం నిండా బురద కొట్టింది. మీట నొక్కాను. నీళ్ళు తగిలిన చోటల్లా అద్దం తెల్లబడిపోయింది. వైపర్ దాని మీద గరగరా గీరుకుంటూ పోయింది తప్ప తుడవలేదు. భయంతో మళ్ళీ నొక్కాను, ఇంకా దళసరి అయింది. వెనక లారీ హారన్. నా భార్య పక్క కిటికీ దించి, తల బయటపెట్టి, ఎడమకి, ఇంకా ఎడమకి అని అరుస్తుంటే నేను గుడ్డిగా తిప్పాను. కారు మంచుగుట్టలో దిగబడి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇంతవరకు జరిగింది తెలివితక్కువతనం. తర్వాతది వేరు. కారు తిరిగి ఇచ్చేటప్పుడు, కౌంటర్లో ఉన్న అమ్మాయితో, మీరు ట్యాంకులో వట్టి నీళ్ళు పోసి ఇచ్చారు, నా కుటుంబం చచ్చేది అని గొంతు పెంచి మాట్లాడాను. నాకు సాక్ష్యం అక్కరలేకపోయింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో ఆ పిల్లకి, మొహం పాలిపోయి, నడుం పూర్తిగా వంచి క్షమాపణ చెప్పింది. ఒకసారి కాదు. మేం తలుపు దాటేదాకా వంగుతూనే ఉంది. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగి చూస్తూ నడిచింది.

తిరిగొచ్చాక ముగ్గురం బిస్కెట్ల డబ్బా పట్టుకుని వర్క్‌షాప్‌కి వెళ్ళాం. మంచు ఎలా ఉందని అడిగారు. భార్యాబిడ్డల ముందు నేను అదే అబద్ధం మళ్ళీ చెప్పాను. అద్దెకిచ్చినవాళ్ళు నీళ్ళు పోశారంకుల్, మీరు చెప్పినట్టే అయింది అని, పైగా ఆయన్ని మెచ్చుకున్నాను కూడా. ఆయన నా వంక చూడలేదు. మా అమ్మాయి వంక చూశారు. అది నేల చూపులు చూస్తోంది.

ఆయన చేతులు కడుక్కొచ్చి స్టూలు మీద కూర్చున్నారు. సింగపూర్ రాకముందు మంచుకొండల్లో రోడ్లు వేసే పనిలో లారీ తోలేవారట. ఆ రోజుల్లో అక్కడ అద్దం మందు దొరికేది కాదు. చలికి తాగమని ఇచ్చే రమ్ములో సగం, అద్దం నీళ్ళ సీసాలో కలుపుకోవడం డ్రైవర్ల అలవాటు.

"ఓ రోజు మొత్తం నానే తాగీసినాను," అన్నారు. "సీసాలో వట్టి నీళ్ళు పోసినాను. తెల్లారి అద్దం గడ్డకట్టీసింది. రోడ్డు మీద ఎర్రజెండా పట్టుకుని ఒక మనిషి నిలబడున్నాడు. కాలు పోయింది ఆడికి. అడిగినోళ్ళకి, స్టోరు కీపరు ఇచ్చిన రమ్ము సీసాలోనే నీళ్ళున్నాయని సెప్పినాను. ఆ కీపరు ఉద్యోగం పోయింది. నాది ఉంది."

తన చేతుల వంక చూసుకుని, "ఛీ," అన్నారు.

ఇన్నేళ్ళూ ఆ మాట మా మురికి ట్యాంకుల్ని అంటున్నారనుకున్నాను. ఆ క్షణంలో నోరు తెరిచి, ఆ నీళ్ళు పోసింది నేనే అంకుల్ అంటే సరిపోయేది. ఆయన అలాంటి కథ నాకు ఊరికే చెప్పరు, నాకోసం తలుపు తీసి పెట్టారు. నాకు అర్థమైంది. అర్థమైంది కాబట్టే, పార్కింగ్ టైము అయిపోతోందని లేచాను.

ఆ తర్వాత మంచాన పడేదాకా ఆయన నా కారు ఎప్పటిలాగే చూశారు. ఒక్క మాట పొడిచింది లేదు. జబ్బుపడి హాస్పిటల్లో ఉన్న ఐదు నెలల్లో చాలాసార్లు వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ ఈసారి చెప్పేయాలనుకునేవాణ్ణి. చివరికి పళ్ళు అక్కడ పెట్టి, క్రికెట్ సంగతులు మాట్లాడి వచ్చేసేవాణ్ణి.

ఆయన ఉండే అపార్ట్‌మెంటు బ్లాకు కింద శవపేటిక ఉంచినప్పుడు నలుగురూ నాలుగు మాటలు చెప్పారు. నన్నూ చెప్పమన్నారు. ఏం చెప్పానో వినండి. హొక్కైడోలో అద్దెకారు వాళ్ళ నిర్లక్ష్యం వల్ల మేం చావబోయామనీ, అంకుల్ ముందే హెచ్చరించారనీ, ఆయన అనుభవం అంత గొప్పదనీ చెప్పాను. ఆయన ముందే, ఆయన పేరుతోనే, అదే కుళ్ళు అబద్ధం మూడోసారి. జనం తలలూపారు. ఎవరో కళ్ళు కూడా తుడుచుకున్నారు. అంకుల్ భార్య, మేం ఆంటీ అని పిలిచే ఆవిడ, ముందు కుర్చీలో కూర్చుని నా మొహంలోకే చూస్తున్నారు.

కారెక్కాక, ఇప్పుడు పదమూడేళ్ళున్న మా అమ్మాయి అడిగింది. "నాన్నా, నువ్వు అంకుల్‌కి నిజం చెప్పనే లేదా? నెవర్ సే సారీ, ఆ?"

కారు స్టార్ట్ చేశాను. మర్నాడు పొద్దున బిషాన్‌లో మా ఇంటి కింద కార్ పార్కులో బానెట్ ఎత్తాను. ట్యాంకు మూత తీసి, ఆయన చేసినట్టే వేలు ముంచి వాసన చూశాను. ఆయన మంచాన పడ్డప్పటినుంచి మళ్ళీ కుళాయి నీళ్ళే పోస్తున్నాను. అదే జిగురు, అదే కంపు. వేలు సబ్బుతో మూడుసార్లు కడిగినా ఆ వాసన పోలేదు. గ్రూపులో ఎవరి గోంగూర మీద మండిపడ్డానో, ఎవరి ఓం శాంతుల్ని అసహ్యించుకున్నానో గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ కంపు అసలు ఎక్కణ్ణుంచి వస్తోందో ఆయన వేలు ఏనాడో చూపించింది.

పదో రోజు అయ్యాక ఒక్కణ్ణే ఆంటీ దగ్గరికి వెళ్ళాను. కాఫీ ఇచ్చారు. తాగకుండానే, ఆ నీళ్ళు పోసింది నేనేననీ, నింద కౌంటర్లో అమ్మాయి మీద వేశాననీ చెప్పాను.

"తెలుసు బాబూ," అన్నారావిడ. "నువ్వు ఆస్పత్రికి వొచ్చెళ్ళినప్పుడల్లా అడిగేదాన్ని, సెప్పినాడా అని. ఇంకా తోవలో ఉన్నాడు, వొస్తాడులే, అనేవోరు."

నాకు ఏడుపు వచ్చింది. ఆవిడ ఓదార్చలేదు.

"సెప్పాల్సింది నాకు కాదు," అన్నారు. "ఆ స్టోరు కీపరు కోసం ఆయన ఏళ్ళ తరబడి ఎతికినారు, దొరకనేదు. నీకు ఆ పిల్ల ఎక్కడుందో తెలుసు కదా."

అక్కడే కూర్చుని ఫోనులో రాశాను. ఏ నెలలో కారు తీసుకున్నానో, ట్యాంకులో నీళ్ళు ఎవరు పోశారో, కౌంటర్లో ఎవరు ఎవరి ముందు వంగి ఉండవలసిందో, అంతా. ఆ ఉత్తరం ఆ అమ్మాయికి చేరవేయమని అద్దెకారు ఆఫీసుకి పంపాను. ఇది రాస్తున్నప్పటికి జవాబు రాలేదు. బ్లాకు కింద నా మాటలకి తలలూపినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఇదీ జరిగింది.

బయల్దేరుతుంటే ఆంటీ లోపల్నుంచి ఆ మైనస్ ముప్పై డబ్బా, ఆయన రబ్బరు గొట్టం తెచ్చి, నాతోపాటు లిఫ్టులో కార్ పార్కుకి దిగారు. ఈ ఎండలో ఇది ఎందుకని ఈసారి అడగలేదు. రబ్బరు గొట్టంతో మురుగు లాగి, కడిగి, ఆ మందు పోసి లోపల కూర్చున్నాను. చెప్పకుండానే ఆవిడ కారు ముందుకొచ్చి, ఆయన నిలబడే చోట నిలబడ్డారు. మీట నొక్కాను. రెండు నీలం ధారలు అద్దం మీద పడి, ఆవిడ మొహం చెదిరిపోయింది. వైపర్ ఒకసారి తుడిచింది, రెండోసారి తుడిచింది. అద్దం తేటపడ్డాక చూస్తే ఆవిడ ఇంకా అక్కడే ఉన్నారు, వైపర్ తన చోటికి వెళ్ళి పడుకునేదాకా చూస్తూ.