ముడుల పట్టికలో ఖాళీ గళ్ళు

ఆ గణిత పరిశోధన సంస్థలో ఆవిడను ఎదురుగా మేడమ్ అనీ, వెనకాల తాళం అనీ పిలిచేవారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. ఒకసారి కాఫీ మెషీన్ దగ్గర ఇద్దరు అధ్యాపకులు "తాళం ఇంకా రాలేదేంటి" అనుకుంటుంటే వెనక నుంచి వచ్చి, "వచ్చింది. చెవులు కూడా ఉన్నాయి, బాగానే వినిపిస్తాయి" అని కప్పు నింపుకొని వెళ్ళిపోయింది. వాళ్ళిద్దరూ ఆ రోజంతా ఆవిడ గది ముందు నుంచి నడవలేదు.

ఆవిడ పని గణితం చేయడం కాదు, చేసిన గణితాన్ని దాచడం. ఇప్పుడు పెద్ద పెద్ద లెక్కలన్నీ కంప్యూటర్ల మీదే నడుస్తాయి. పరిశోధకులు నెలల తరబడి మెషీన్లను తిప్పి పట్టికలు తయారుచేస్తారు. ఏ ప్రోగ్రాంతో చేశారు, ఆ ప్రోగ్రాం ఏ వెర్షన్, ఏ నిలువు వరుసకు అర్థమేమిటి, రేపు ఇంకొకరు అదే లెక్కను మళ్ళీ చేసి చూసుకోవాలంటే ఏమేం కావాలి, ఇవన్నీ పట్టికతో పాటే భద్రంగా ఉండాలి. అందుకోసం సంస్థ సర్వర్లో ఒక ఆర్కైవ్ కట్టింది ఆవిడే. అందులో చేరిన ప్రతి పట్టికకూ ఒక శాశ్వత సంఖ్య ఇచ్చేది. వివరాలు సరిగ్గా లేకపోతే చేర్చుకునేది కాదు. అక్కడే పేచీలన్నీ.

ఆ పట్టుదలకు కారణం ఉంది. ఆవిడా ఒకప్పుడు పరిశోధక విద్యార్థినే. ఆవిడ సిద్ధాంత వ్యాసమంతా ఒకాయన ప్రచురించిన పట్టిక మీద నిలబడింది. పరీక్షకులు ఆ పట్టికకు ఆధారం చూపించమన్నారు. చూస్తే ఆయన అప్పటికే చనిపోయాడు. ఆయన ప్రోగ్రాం ఏ మెషీన్ మీదా నడవలేదు. నిలువు వరుసల్లో సగానికి అర్థం చెప్పగలవాళ్ళు లేరు. ఆవిడ చదువు అక్కడితో మునిగింది. పోయినాయన మీద కోపం తెచ్చుకోవడానికి వీల్లేకపోయింది కాబట్టి, బతికున్నవాళ్ళందరి మీదా తెచ్చుకుంది.

ఇంట్లోనూ అదే తీరు. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్, నెమ్మదస్తుడు. అత్తగారు మాత్రం ఊరుకునే రకం కాదు. వంటింటి డబ్బాలన్నిటి మీదా కోడలు సరుకు పేరూ, పోసిన తేదీ రాసి అంటించిన రోజున పెద్దావిడ మెటికలు విరిచింది.

"ఉప్పు మీద ఉప్పు అని రాస్తే గానీ ఉప్పని తెలీదా అమ్మాయ్? నాలిక లేదా మనకి?"

"పోయిన వారం పంచదార అనుకొని మీరు కాఫీలో వేసిందేంటత్తయ్యా?"

"అది నా కంటిచూపు. నీ చీటీ ఉంటే మాత్రం చదవగలనా?"

భర్త పళ్ళెంలోంచి తలెత్తలేదు. ఆ ఇద్దరి మధ్యలోకి వెళ్ళడం కంటే లిఫ్టు గోతిలోకి దిగడం మేలని ఆయన అనుభవం.

సంస్థలో ఆవిడకు అసలు శత్రువు, అందరూ పెద్దాయన అనే సీనియర్ ప్రొఫెసర్. ముడుల గణితంలో ఆయనకు గొప్ప పేరు. ఒక తాడుకు ముడి వేసి, రెండు కొసలూ కలిపి అతికిస్తే ఒక ముడి తయారవుతుంది. చూడటానికి వేరుగా ఉన్న రెండు ముడులు, తాడు తెంపకుండా అటూ ఇటూ లాగితే ఒకటే అవుతాయా, కావా? ఆయన జీవితమంతా ఈ ప్రశ్నతో గడిచింది. వేల ముడులను పోల్చి, ఏది దేనికంటే వేరో చెప్పే పట్టికను ఆయన బృందం తయారుచేస్తోందని అందరికీ తెలుసు.

సంస్థలో అందరూ తమ పట్టికలను ఆర్కైవ్‌లో పెట్టాలని నిర్ణయించిన సమావేశంలో ఆయన ఒంటికాలి మీద లేచాడు.

"గణితానికి సుద్దముక్క చాలు. మనమేమైనా సరుకుల కొట్టు నడుపుతున్నామా, ప్రతిదానికీ చీటీ అంటించడానికి?"

చాలామంది నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "మీ పట్టిక సుద్దముక్కతోనే చేసి ఉంటే నాకేం పేచీ లేదండి. కంప్యూటర్‌తో చేయించారు కదా, ఆ ప్రోగ్రాం పేరేంటో చెప్పండి చాలు."

"అవన్నీ మా పిల్లలు చూసుకుంటారు."

"పిల్లలు వెళ్ళిపోతారు. అప్పుడెవరు చూస్తారు?"

"గుమస్తా పని నాకు నేర్పకండి."

ఆ రోజు నుంచి ఆయన నోట ఆవిడ పేరు గుమస్తానే. కొద్ది రోజులకే స్థలం చాలడం లేదని ఆవిడ గదిని లైబ్రరీ పక్క నుంచి మెట్ల కిందికి మార్చారు. గదులు కేటాయించే కమిటీకి అధ్యక్షుడు పెద్దాయనే. ఒక పక్క జిరాక్స్ మెషీన్, ఇంకో పక్క సర్వర్ హోరు, నెత్తి మీద ఎక్కేవాళ్ళ, దిగేవాళ్ళ చెప్పుల చప్పుడు. కిటికీ తెరిస్తే బండ్ల పొగ. ఆవిడ ఊరుకుందా? ఆర్కైవ్‌లో ఏమీ పెట్టనివాళ్ళ పేర్లు పెద్ద అక్షరాలతో నోటీసు బోర్డుకు అంటించింది, మొదటి పేరు ఆయనది. ఆయన చింపాడు. మళ్ళీ అంటించింది. డైరెక్టర్ గోడ మీద పిల్లిలా, ఎవరు కలిస్తే వాళ్ళది రైటనేవాడు.

చివరికి పరిశోధనకు నిధులిచ్చేవాళ్ళు, పట్టిక ఆర్కైవ్‌లో లేకపోతే కుదరదన్నారు. అప్పుడు పెద్దాయన తన విద్యార్థినిని పిలిచి, "వెళ్ళి ఆ గుమస్తా మొహాన పడేసి రా" అన్నాడు. లెక్కలన్నీ నడిపింది ఆ పిల్లే. ప్రోగ్రాం రాసిందీ ఆ పిల్లే.

తాళం ఆ ఫోల్డర్ తెరిచి చూసింది. పట్టికలో చాలా గళ్ళు ఖాళీగా ఉన్నాయి.

"ఈ ఖాళీలేంటి?"

విద్యార్థిని నీళ్ళు నమిలింది. "సార్‌ని అడిగి చెప్తాను మేడమ్."

"ఇక్కడ వివరణ రాయాల్సిన చోట కూడా ఏం లేదు. ఇలా తీసుకోను."

"ఈసారికి తీసుకోండి మేడమ్. సార్ ఇవాళే పెట్టెయ్యమన్నారు. తర్వాత రాస్తాను."

"తర్వాత అన్నవాళ్ళెవరూ తర్వాత నా మొహం చూడలేదమ్మా. రాసుకొని రా."

ఆ పిల్ల ఇంకో రెండుసార్లు వచ్చింది. వివరణ రాలేదు. రెండుసార్లూ తాళం తలుపు దగ్గరి నుంచే తిప్పి పంపింది. ఆ తర్వాత ఆ పిల్ల ఆర్కైవ్‌కే కాదు, సంస్థకే రావడం మానేసింది. చదువు మధ్యలో వదిలేసిందన్నారు. ప్రోగ్రాం, అసలు డేటా ఉన్న ఆమె ల్యాప్‌టాప్ ఆఫీసుకు తిరిగొస్తే, రూలు ప్రకారం మొత్తం చెరిపేసి ఇంకొకరికిచ్చారు. పెద్దాయన నిధులిచ్చేవాళ్ళకు ఏదో నచ్చజెప్పుకొని పట్టికను ఒక పత్రికలో అచ్చువేయించాడు. దేశదేశాల వాళ్ళు దాన్ని నమ్మి, దాని మీద తమ పని కట్టుకున్నారు.

కొన్నేళ్ళకు బయటి విశ్వవిద్యాలయం నుంచి డైరెక్టర్‌కు మెయిల్ వచ్చింది. మీ పట్టికలో వేరు అని చెప్పిన రెండు ముడులు నిజానికి ఒకటే, మీ అసలు డేటా, ప్రోగ్రాం పంపితే పోల్చుకుంటాం అని. డైరెక్టర్ ఇద్దరినీ తన గదికి పిలిపించాడు.

"అసలు డేటా ఏది?" అన్నాడు.

"ఈవిడ తీసుకోలేదు. మూడుసార్లు పంపించాను. తీసుకుంటే ఇవాళ ఉండేది" అన్నాడు పెద్దాయన.

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. అది నిజం. కానీ ఓడిపోయినట్టు కనిపించడం ఆవిడకు చేతకాదు. "నేను చూసినప్పుడు అందులో ఖాళీలున్నాయి. అచ్చులో ఒక్క ఖాళీ లేదు. ఎవరు నింపారండి వాటిని?"

"నా విద్యార్థిని. పొరపాటు చేసి పారిపోయింది."

"పారిపోయిందో, తరిమారో!"

"గుమస్తా హద్దులో ఉండాలి!" అని ఆయన బల్ల గుద్దాడు. డైరెక్టర్ గ్లాసులోని నీళ్ళు ఒలికి మెయిల్ ప్రింటు తడిసింది.

మర్నాడు ఆవిడ సెలవు పెట్టి ఆ పిల్లను వెతుక్కుంటూ వెళ్ళింది. ఆమె ఒక బస్సుల కంపెనీ ఆఫీసులో, ఏ బస్సు ఎప్పుడు బయల్దేరాలో కూర్చే పనిలో ఉంది. అద్దం వెనక కూర్చున్న ఆమె మనిషిని గుర్తుపట్టింది, లేచి రాలేదు. అద్దానికున్న చిన్న కన్నంలోంచే మాట్లాడింది.

"ఏం కావాలి మేడమ్?"

"ఆ పట్టికలో ఖాళీలు... అవేంటో చెప్పు. నువ్వే నింపావంటున్నాడాయన."

"నేనెందుకు నింపుతాను? ఖాళీ అంటే మెషీన్‌కి తేలలేదని. రెండు ముడులు ఒకటో వేరో చాలాసేపు చూసి, తేలక వదిలేసిందని. సార్ ఏమో, తేలలేదంటే వేరనే కదా, వేరు అని పెట్టెయ్ అన్నారు. నేను పెట్టనన్నాను. ఆయనే పెట్టుకున్నారు."

"మరి ఆ మాట వివరణలో రాయొచ్చు కదమ్మా?"

ఆ పిల్ల మొహం జేవురించింది. "రాస్తానంటే సార్ చంపేసేంత పని చేశారు. రాయకపోతే మీరు తీసుకోనన్నారు. నేనెక్కడికి పోవాలి మేడమ్? ఆయన గదిలోంచి మీ గదికీ, మీ గదిలోంచి ఆయన గదికీ తిరిగాను, బంతిలాగా."

"నాతో ఒక్క మాట చెప్పి ఉంటే..."

"కూర్చోమన్నారా చెప్పడానికి? మీ గదిలో ఉన్న ఒక్క కుర్చీ మీదా ఫైళ్ళే. ఎవరూ కూర్చోకూడదనే కదా పెట్టారు?"

ఆవిడ కన్నానికి ఇంకాస్త దగ్గరగా వంగి అడిగింది: "ఆ ఫోల్డర్ నీ దగ్గర ఇంకెక్కడైనా ఉందా?"

"లేదు. ఉన్నా ఇవ్వను." ఆవిడ వెనక నిలబడ్డ డ్రైవర్ దగ్గుతున్నాడు. "నెక్స్ట్" అంది ఆ పిల్ల.

ప్రోగ్రాం కొత్తగా రాసి, లెక్క మళ్ళీ మొదటి నుంచి చేయక తప్పలేదు. సర్వర్ ఉన్నది మెట్ల కింద కాబట్టి పెద్దాయనే దిగి రావలసి వచ్చింది. కుర్చీ మీది ఫైళ్ళు తనే తీసి నేల మీద పెట్టుకొని కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే, ప్రోగ్రాంలో ప్రతి మార్పు పక్కన వ్యాఖ్య రాసే చోటు ఉంటుంది కదా, అక్కడ రాసుకునేవారు. అడుగు దూరంలో ఉండి, ఆయన "ఇది అనవసరం" అని రాస్తే, ఆవిడ "అవసరమే" అని రాసేది. ఎండలు ముదిరి, వానలు మొదలయ్యేదాకా మెషీన్ నడిచింది.

ఫలితం వచ్చింది. చాలా జతలు నిజంగానే వేరు. కొన్ని ఇప్పటికీ తేలలేదు. బయటివాళ్ళు చెప్పిన జతే కాదు, ఇంకో జత కూడా ఒకటే ముడి అని తేలింది.

"మెషీన్ తప్పు చేసింది" అన్నాడు పెద్దాయన, ఈసారి నోటితోనే.

వేరేవాళ్ళు రాసిన ఇంకో ప్రోగ్రాంతో నడిపారు. అదే వచ్చింది. ఆయన గొడుగు అక్కడే మర్చిపోయి పైకెళ్ళిపోయాడు. ఆవిడ దాన్ని తలుపు బయట పెట్టింది.

పత్రికకు సవరణ పంపాలి. పెద్దాయన రాసిన ముసాయిదాలో "ఒక విద్యార్థిని పొరపాటు వల్ల" అని ఉంది. అది చూసి ఆవిడ మెట్లెక్కి ఆయన గదికే వెళ్ళింది.

"ఆ వాక్యం తీసెయ్యండి."

"మీకు సంబంధం లేదు."

"తీయకపోతే ఆర్కైవ్‌లో పట్టిక చరిత్ర రాసే చోట జరిగిందంతా రాస్తాను. ఖాళీలు ఎవరు నింపారో రాస్తాను."

"రాసుకోండి. మీరు మూడుసార్లు తిప్పి పంపింది కూడా రాస్తారా మరి?"

"రాస్తాను."

రాసింది. రెండూ రాసింది. డైరెక్టర్ కంగారుపడ్డాడు. "ఎందుకమ్మా ఇవన్నీ? పట్టిక సరైంది కదా, చాలదా?" అన్నాడు. ఆవిడ తీయలేదు. పెద్దాయన ఫిర్యాదు చేశాడు. ఆవిడకు హెచ్చరిక పత్రం వచ్చింది. పత్రికలో "సాంకేతిక కారణాల వల్ల" అని మాత్రమే వచ్చింది. అందులో విద్యార్థిని ఊసు లేదు, ఆయన తప్పూ లేదు. ఆ ఏడాదే ఆయన పదవీ విరమణ చేశాడు. వీడ్కోలు సభలో తోటమాలి దాకా అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పి, మెట్ల కింది గదిలో ఉన్నావిడను మాత్రం వదిలేశాడు. ఆవిడ వెనక వరుసలో కూర్చొని చప్పట్లు కొట్టలేదు.

ఇంట్లో అత్తగారు హెచ్చరిక పత్రం సంగతి విని, "పోనీలే, నీకూ ఎవరో ఒకరు చీటీ అంటించారు" అంది. భర్త నవ్వు ఆపుకోలేక బయటికెళ్ళిపోయాడు.

ఆర్కైవ్ రూలు మాత్రం మార్చింది. ఎవరు ఏం తెచ్చినా, ఎలా తెచ్చినా ముందు తీసుకుంటుంది. తిట్టేది తర్వాత తిడుతుంది.

కొత్త పట్టికకు శాశ్వత సంఖ్య వచ్చాక, ఆ లింకును బస్సుల కంపెనీ పిల్లకు పంపింది. జవాబు రాలేదు. కొన్ని వారాల తర్వాత ఆ పిల్లే స్వయంగా వచ్చింది, డ్యూటీ దుస్తుల్లోనే. నమస్కారం పెట్టలేదు. కుర్చీ ఖాళీగా ఉంది గానీ, నిలబడే తెర మీద చరిత్రంతా చదివింది. ఒక చోట వేలు పెట్టింది.

"ఇదేంటి? 'వివరణ లేనందున విద్యార్థిని వెనుదిరిగింది' అని రాశారు. నేను వెనుదిరగలేదు. మీరు తిప్పి పంపారు."

తాళం ఆ వాక్యం వంక చూసింది. డైరెక్టర్‌తో పోట్లాడి మరీ నిలబెట్టుకున్న వాక్యం అది. ఎంతో నిజాయితీగా రాశాననుకుంది. కీబోర్డు ముందుకు లాక్కొని, "వివరణ లేదన్న కారణంతో విద్యార్థినిని నేను మూడుసార్లు తిప్పి పంపాను" అని టైపు చేసింది. కొత్త వెర్షన్‌గా నమోదైంది.

"పాతది కూడా కనిపిస్తుందా?" అని అడిగింది ఆ పిల్ల.

"కనిపిస్తుంది. పాత వెర్షన్లు చెరపడం కుదరదు."

"ఉండనివ్వండి. మీరు ముందు ఎలా రాశారో కూడా చూస్తారు జనం."

"కాఫీ తాగుతావా?"

"వద్దు. బస్సుకి టైమైంది."

ఆ పిల్ల వెళ్ళేటప్పుడు తలుపు వేయలేదు. జిరాక్స్ మెషీన్ చప్పుడంతా లోపలికి వస్తోంది. తాళం లేచి వెళ్ళి తలుపు దగ్గర కాసేపు నిలబడి, వేయకుండానే తిరిగొచ్చి కూర్చుంది.