మిద్దె మీదుగా పోయిన చిన్నాయన

బాగేపల్లిలో మా మిద్దె మీదుగా రోజూ మధ్యాహ్నం హైదరాబాదు నుంచి బెంగళూరుకు విమానం పోయేది. ఆ మోత వినిపిస్తే మా మేనత్త కాఫీకి ఎసరు పెట్టేది. అందులో మావాళ్ళు ఎక్కే రోజొకటి వస్తుందని ఎవరం అనుకోలేదు.

డెబ్బైల చివర్లో మా అవ్వ మంచం పట్టింది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న చిన్న కొడుకు చేతి తులసి నీళ్ళు తాగందే పోనని భీష్మించింది. పెద్ద కొడుకైన మా నాయన ఉద్ధరిణెతో నీళ్ళు నోటి దగ్గర పెడితే పళ్ళు బిగబట్టేది. ఏళ్ళ తరబడి ఆమె కాళ్ళు పట్టింది ఆయనే. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ బతికుండగా ఎవరి మాటా విననిది పోయేటప్పుడు వింటుందా!

టెలిగ్రాం అందేసరికి చిన్నాయనకు రాత్రి బస్సు తప్పిపోయింది. విమానంలో వస్తానని పక్క అంగడికి ఫోన్ చేశాడు. నాయన వ్యాపారి కాబట్టి వెంటనే లెక్క వేశాడు. బెంగళూరుకు గంట. అక్కడినుంచి బస్సులో చిక్కబళ్ళాపురం మీదుగా వెనక్కి మూడు గంటలు. ఇల్లు దాటిపోయి మళ్ళీ ఇంటికి రావడమే అయినా, మరో బస్సు కోసం కాచుకోవడం కంటే అదే మేలు. ఆ సంగతి అవ్వ చెవిలో గట్టిగా చెప్పాడు.

"మోత వినపడితే చిన్నోడు మన మిద్దె మీద్నే పోతాండాడని అనుకోమ్మా. పొద్దు గుంకేలోగా ఇంట్లో ఉంటాడు. అంతదాకా ఓర్చుకో."

మధ్యాహ్నం మోత వచ్చింది. అవ్వ కళ్ళు తెరిచి దూలాల వైపు చూసింది. తర్వాత నోరు తెరిచింది. ఒక గుటక వేసింది. ఇంకొకటి వేసింది. గదిలో ఉన్నది నేనూ అత్తా మాత్రమే, మేమిద్దరం మంచానికి దూరంగా నిలబడి ఉన్నాం. కిటికీలో తులసి నీళ్ళ చెంబు మీద మూత పెట్టింది పెట్టినట్టే ఉంది.

మోత అణిగేసరికి అవ్వ ప్రాణం పోయింది. పెదవి చివరినుంచి ఒక నీటిచుక్క మెడ మీదికి జారుతోంది. అత్త దాన్ని వేలితో తాకి చూసుకుంది.

"చల్లగా ఉండాది" అంది. నేను గోడకు అతుక్కుపోయాను.

పొద్దు గుంకే వేళకు చిన్నాయన వచ్చి అవ్వ కాళ్ళ మీద పడ్డాడు.

"విమానంలో నీళ్ళిచ్చినారక్కా. ఆ గ్లాసు పట్టుకోని, మన ఊరు కనపడతాదేమోనని కిందికి చూస్తాంటి. అమ్మ నెత్తిమీద్నే ఉండి కూడా ఒక్క చుక్క పొయ్యలేకపోతి" అని ఏడ్చాడు.

"తాగిందిరా. తాగినాకనే పోయింది" అంది అత్త.

గుమ్మంలో కూర్చున్న నాయన తలెత్తాడు. "ఎవరు పోసినారు?" అన్నాడు.

ఆ తర్వాత కూడా ఆయన నన్ను ఒంటరిగా పట్టుకుని చాలాసార్లు ఆ మాటే అడిగాడు. పక్కనే ఉన్న నిన్ను కాదని, పైనుంచి పోయే నీ తమ్ముడి చేతి నీళ్ళు తాగిందని ఆయనతో ఎట్లా చెప్పేది?