గీజర్ ఆర్పి నీళ్లు పోసిన పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందన్న మాట నాకు పెర్మిలిలో తెలిసింది. ఒకాయన ఇంటి వెనక గోడకు గ్యాస్ గీజర్ బిగించడానికి వెళ్లాను. నిచ్చెన మీద ఉండగా జేబులో ఫోన్ మోగింది. ఆ అడవి ఊళ్లో సిగ్నల్ ఒక మాటకు వస్తే ఇంకో మాటకు పోతుంది. "నీళ్ల పెద్దమ్మ" అని వినబడి తెగిపోయింది. ఆ వయసు మనిషి గురించి పొద్దున్నే ఫోన్ వచ్చిందంటే మిగతాది వినక్కరలేదు. అయినా నిచ్చెన దిగి, రోడ్డు దాకా నడిచి, మళ్లీ ఫోన్ కలిపి ఆ మిగతా మాట కూడా విన్నాను.

నేను మా ఊరు సిరొంచ చేరేసరికి పెద్దమ్మకు చివరి స్నానం అయిపోయింది. కొత్త చీర కప్పి వాకిట్లో పడుకోబెట్టారు. నీళ్లు ఎవరు పోశారని అడిగాను. వాడకట్టు ఆడవాళ్లంతా తలా ఒక చెంబు పోశారట. వాళ్లలో చాలామంది పిల్లలకు పుట్టిన కొత్తలో నీళ్లు పోసింది ఆమే. కొందరికైతే వాళ్లు పుట్టినప్పుడు కూడా ఆమే పోసింది. ప్రాణహిత ఒడ్డున కార్యం ముగించుకుని, నదిలో మునిగి, తడి బట్టలతో ఇంటికి వచ్చి తాళం తీశాను. ఆ సాయంత్రం పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు.

ఆమె నాకు చుట్టం కాదు. మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒకే గోడ. బాలింతలకూ పసిపిల్లలకూ నీళ్లు పోయడం ఆమె పని. కాళ్లు చాపి, పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, వేడి నీళ్లు పోసి, ముక్కూ చెవీ ఊది, తుడిచి, సాంబ్రాణి పొగ పట్టి నిద్రపుచ్చేది. ఆ తరువాత తల్లి వంతు. నా పని గ్యాస్ పొయ్యిలూ గీజర్లూ బాగుచేయడం, బిగించడం. ఈ రెండు పనులకూ సంబంధం ఏముంటుందని మీరు అనుకోవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

మా వైపు కరెంటును నమ్ముకుని వేడి నీళ్లు పోసుకోవడం కష్టం. కట్టెలు కూడా ఇదివరకటిలా దొరకడం లేదు. అందుకని గ్యాస్ గీజర్లు వచ్చాయి. రెండు బ్యాటరీ సెల్లులు వేసి, కుళాయి తిప్పితే టక్కుటక్కుమని మంట అంటుకుంటుంది, వేడి నీళ్లు వస్తాయి. దాన్ని స్నానాల గదిలో పెట్టొద్దని, బయట గోడకు బిగించుకోమని ప్రతి ఇంట్లోనూ చెప్పేవాణ్ణి. వినని వాళ్లకు, గోడకు పైన ఉండే చిన్న గాలికిటికీనైనా ఎప్పుడూ తెరిచి ఉంచమని చెప్పేవాణ్ణి. నేను వెళ్లి గాలికిటికీ తెరిపించి వచ్చిన ఇంటికి మర్నాడు పెద్దమ్మ వెళ్లేది. వెళ్లగానే ఒక పాత చీర పేలిక అడిగి ఆ కిటికీని గట్టిగా మూసేది. బాలింతకు గాలి సోకకూడదు, ఇది మా వైపు ఇంటింటి నియమం. తలుపు సందుల్లో కూడా గుడ్డలు కుక్కుతారు.

మా ఇద్దరికీ గోడ మీదుగా వాదన జరగని వారం లేదు.

"మంటకు గాలి కావాలె పెద్దమ్మ" అనేవాణ్ణి.

"బాలింతకు గాలి సోకొద్దు. నీ మంట గొప్పదా, నా బాలింత గొప్పదా?"

"కిటికీ మూస్తే ప్రాణం మీదికొస్తది."

"ఇన్నేండ్లు కట్టెల పొయ్యి కాడ పోసిన. ఆ కిటికీ పొగ కోసం కొడుకా. నీ గ్యాసుకు పొగ లేదు గద. ఇగ కిటికీ ఎందుకు? నువ్వు పైపులు సూస్కో, ఆడోళ్ల ముచ్చట నీకెందుకు."

ఇప్పుడు తలచుకుంటే ఆమె మాటలో తర్కం ఉందనిపిస్తుంది. పొగ లేనిచోట పొగ పోయే దారి ఎందుకు? ఊరంతా అలాగే ఆలోచించింది. పైగా నేను మగవాణ్ణి. బాలింత స్నానం చేసే గది వైపు తల తిప్పి చూసే హక్కు కూడా నాకు లేదు. నేను బిగించిన మంట పక్కన లోపల ఏం జరుగుతుందో తెలిసేది ఆమె ఒక్కతెకే. అందుకే ఆమె ఒప్పుకోవడం నాకు అంత ముఖ్యమైంది.

ఒక చలికాలం నది రేవుకు పోయే ఘాటు దారిలో ఒక ఇంటివాళ్లు నన్ను పిలిచారు. వాళ్ల గీజర్ ఎవరో పై ఊరి మనిషి స్నానాల గదిలోనే బిగించి పోయాడు. మంట పసుపుపచ్చగా వస్తోంది, గోడకు మసి పడుతోంది అన్నారు. గీజర్ మంట నీలంగా ఉండాలి, పచ్చబడిందంటే సరిగా మండటం లేదని అర్థం. నేను వెళ్లేసరికి తలుపు మూసి ఉంది, గాలికిటికీకి గుడ్డ కుక్కి ఉంది. లోపల పెద్దమ్మ, బాలింత, పిల్ల. గీజర్ నడుస్తోంది. నీళ్లు పోయడం అయ్యేదాకా దాన్ని ఆపమంటే బాలింత అత్తగారు వినలేదు. "జర కూసో, అయిపోతది" అంది. నాకు కూర్చోబుద్ధి కాలేదు.

పెద్దమ్మకు ఒక అలవాటు ఉండేది. నీళ్లు పోస్తున్నంతసేపూ బాలింతను మాట్లాడించేది. వేడి నీళ్లకు కళ్లు మూతలు పడతాయని, కూర్చున్న పీట మీది నుంచి ఒరిగిపోతారని ఆమె భయం. రాత్రి ఏం తిన్నావు, పిల్ల పాలు తాగిందా, మీ అమ్మ ఎప్పుడు వస్తుంది, ఇలా అడుగుతూనే ఉండేది. ఆ రోజు బయటికి ఆ ప్రశ్నలు వినబడుతున్నాయి. జవాబులు మెల్లగా వస్తున్నాయి. తరువాత ఒక ప్రశ్నకు జవాబు రాలేదు. ఆమె మళ్లీ అడిగింది. మళ్లీ రాలేదు.

తలుపు ధడాలున తెరుచుకుంది. ఒక చేత్తో పిల్లను గుండెకు అదుముకుని, ఇంకో చేత్తో ఆ అమ్మాయిని చంకల కింద పట్టి పెద్దమ్మ వాకిట్లోకి ఈడ్చుకొచ్చింది. తను కూడా తూలుతోంది. నేను తల తిప్పుకుని, పరుగెత్తి సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేశాను. నది మీది నుంచి చలిగాలి కొడుతోంది. అత్తగారు దుప్పటి పట్టుకుని అడ్డం వచ్చింది.

"లోపలికి తీస్కపో పెద్దమ్మ, గాలి సోకుతది."

"సోకనియ్యి" అంది పెద్దమ్మ.

జీవితమంతా కిటికీలు మూసిన మనిషి అన్న మాట అది. కాసేపటికి పిల్ల ఏడ్చింది. ఆ తరువాత తల్లి కళ్లు తెరిచింది. సర్కారు దవాఖానాకు తీసుకుపోతే ఇద్దరూ బాగానే ఉన్నారని పంపించారు.

ఊరు మాత్రం ఆమెనే తప్పుపట్టింది. బాలింతను చలిగాలిలోకి గుంజిందట, ముసల్దానికి మతి పోయిందట. ఆ చలికాలం ఆమెను పిలిచిన ఇళ్లు తక్కువ. పొద్దున్నే నూనె సీసా కొంగున కట్టుకుని బయలుదేరే మనిషి, గడపలో కూర్చుని దారి చూస్తూ ఉండేది. నాకు చాలా కష్టంగా ఉండేది. ఒకరోజు ఆమే మా అరుగు మీదికి వచ్చి కూర్చుంది.

"గా మంట ఏం తింటది? సక్కగ చెప్పు" అంది.

"మనలెక్కనే అది గూడ గాలి పీలుస్తది పెద్దమ్మ. చిన్న గదిల కిటికీ మూస్తే మనం పీల్చే గాలి అదే తింటది. తిని విషం వదుల్తది. వాసన రాదు, కండ్లు మండయి."

"అయితే పొగే నయం" అంది పెద్దమ్మ. "పొగైతే మొకం మీదికొచ్చి కొట్లాడుతది. ఇది తెల్వకుండ పండవెడతది."

ఆ రోజు ఆమె అడిగినన్ని ప్రశ్నలు పని చేయించుకునే ఏ గిరాకీ నన్ను అడగలేదు. మంట ఆర్పాక విషం ఎంతసేపు ఉంటుంది? తలుపు తీస్తే పోతుందా? బకెట్లో పట్టిన వేడి నీళ్లలో ఏమైనా ఉంటుందా? నీళ్లలో ఏమీ ఉండదని చెప్పగానే ఆమె ముఖం వెలిగింది. తన పని ఎలా చేసుకోవాలో దారి దొరికింది. గీజర్ బయట గోడకే ఉండాలి. నీళ్లన్నీ ముందే బకెట్లలో పట్టాలి. మంట ఆర్పి, రెగ్యులేటర్ కట్టేసి, అప్పుడు బాలింతను లోపలికి పిలవాలి. "ముందుగాల మంట ఆర్పు, తర్వాత మనిషిని పిలువు." ఈ మాట ఆమె ఎన్ని ఇళ్లలో అన్నదో నాకు లెక్క తెలియదు. ఇక గాలికిటికీకి గుడ్డ కట్టనిచ్చేది కాదు. చలి పెడుతుందని అత్తలు గొణిగితే, నీళ్లు జర ఉడుకుగా పోస్తాలే అనేది.

మెల్లగా ఇళ్లు మళ్లీ పిలిచాయి. ఆమె వెళ్లిన ఇంట్లో గీజర్ లోపల ఉంటే నాకు కబురు వచ్చేది. నేను దాన్ని పీకి బయట గోడకు మార్చేవాణ్ణి. సిలిండర్ నిలబెట్టి, పైపు అతుకులకు సబ్బు నురగ రాసి గ్యాసు కారుతోందేమో చూస్తుంటే, ఆమె నా భుజం మీదుగా వంగి "బుడగ లేస్తుందా?" అని అడిగేది. బుడగ లేకపోతే కొంచెం నిరాశపడేదని నా అనుమానం. నన్ను తిట్టడానికి ఒక అవకాశం పోయిందిగా.

మా వాడకట్టులో ఆమెకు పని దొరకని ఇల్లు మాది ఒక్కటే. మాకు పిల్లలు లేరు. పెళ్లయిన కొత్తలో నా భార్యతో "నీళ్లు పొయ్యనీకి నన్ను ఎన్నడు పిలుస్తవ్ బిడ్డా" అనేది. కొన్నేళ్లకు ఆ మాట మానేసింది. ఎప్పుడు మానేసిందో నాకు గుర్తులేదు కానీ, నా భార్యకు గుర్తుండే ఉంటుంది.

తరువాత నా భార్యకు జబ్బు చేసింది. మంచం దిగలేని రోజుల్లో పెద్దమ్మ ఎవరూ పిలవకుండానే వచ్చింది. నేను బయట గీజర్ వెలిగించి నీళ్లు పట్టేవాణ్ణి. మంట ఆర్పి బకెట్లు గడప దగ్గర పెట్టేవాణ్ణి. పెద్దమ్మ తలుపు మూసుకునేది. బయట నిలబడి వినేవాణ్ణి. "రాత్రి ఏం తిన్నవ్ బిడ్డా?" "మీ ఆయన వండిండా? ఉప్పేసిండా?" నా భార్య సన్నగా నవ్వడం వినబడేది. మా ఇంట్లో పెద్దమ్మ నీళ్లు పోసింది ఆమెకే. పసిపిల్లకు పోసినంత నెమ్మదిగా పోసేదని నా భార్య చెప్పేది. ఆ రుణం గురించి నేను పెద్దమ్మతో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. మాట్లాడబోతే "పో, నీళ్లు పట్టు" అనేది.

నేను ఒంటరివాణ్ణి అయ్యాక, పొద్దున నా గీజర్ చప్పుడు ఆగగానే గోడ అవతలి నుంచి గొంతు వచ్చేది.

"తానం చేస్తున్నవా కొడుకా?"

"చేస్తున్న."

"మంట ఆర్పినవా?"

"ఆర్పిన పెద్దమ్మ."

నా గీజర్ బయటే ఉంది, ఆ మంట ఆమె వాకిట్లోంచి కనబడుతుంది కూడా. నేను బిగించిన దాని గురించి నాకే పాఠమా అని విసుక్కునేవాణ్ణి. రోజు మొత్తంలో గిరాకీ కాని మనిషి నన్ను అడిగే ప్రశ్నలు ఆ రెండే. ఇప్పుడు ఆ రెండూ లేవు. పొద్దున నీళ్లు పోసుకుని బయటికి వస్తే, నేను బయటికి వచ్చినట్టు ఎవరికీ తెలియదు. మూడు కాలాలూ వేడి నీళ్లే పోసుకునేవాణ్ణి, ఈ మధ్య చన్నీళ్లే పోసుకుంటున్నాను. గీజర్ చప్పుడు అయ్యాక వచ్చే నిశ్శబ్దం నాకు పడటం లేదు.

కర్మకాండ అయిన కొద్ది రోజులకు వెనక వీధిలో నేను వదినా అని పిలిచే ఒకామె నా రిపేరు దుకాణానికి వచ్చింది. ఆమె కోడలు కాన్పయి దవాఖానా నుంచి వచ్చింది.

"పెద్దమ్మ లేకపాయె. ఎవలు పోస్తరు ఇప్పుడు?" అంది.

"నువ్వే పొయ్యాలె వదినా."

"నాకు, కోడలికి మాటలే లేవు. కాన్పుకు ముందు నుంచి పంచాయితే. నేను పోస్తె పోయించుకుంటదా? మా తోడికోడలు కిటికీ బందు చెయ్యమంటుంది. నాకు పరేషాన్ అయితుంది."

పెద్దమ్మ అయితే ఒక్క కసురుతో ఆ ఇంటిని దారిలో పెట్టేది. నేను మంట సంగతి, కిటికీ సంగతి చెప్పాను. నీళ్లు పోస్తున్నంతసేపూ కోడలిని మాట్లాడించమని చెప్పాను. ఆమె అనుమానంగానే వెళ్లింది. ఆ రాత్రంతా నాకు ఆ ఇల్లే కళ్లలో మెదిలింది. లోపలికి వెళ్లి చూసే మనిషి ఇక లేదు.

మర్నాడు పొద్దున పనికి పోతూ కావాలనే ఆ వెనక వీధి పట్టుకున్నాను. వాళ్ల ఇంటి వెనక గోడ దగ్గర సైకిల్ ఆపి, చైన్ చూసుకుంటున్నట్టు వంగాను. గోడకున్న గీజర్‌లో మంట లేదు. పైన గాలికిటికీ బార్లా తెరిచి ఉంది. లోపల అత్తాకోడళ్లు గట్టిగా పోట్లాడుకుంటున్నారు. సీమంతం నాటి చీర గురించి. అత్త ఒకటంటే కోడలు రెండంటోంది. నీళ్లు పోస్తున్న చప్పుడు, మధ్యలో పిల్ల ఏడుపు, మళ్లీ చీర పంచాయితీ. కోడలి గొంతు ఎక్కడా తగ్గడం లేదు.

నాకు నవ్వు ఆగలేదు. పెద్దమ్మకు చెప్పాలని సైకిల్ మా వీధి వైపు తిప్పాను. తిప్పాక గుర్తొచ్చింది. హ్యాండిల్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. తెరిచిన కిటికీలోంచి వేడి నీళ్ల ఆవిరి బయటికి వచ్చి, చలిలో వీధి మీదుగా పోతోంది.