పండుగ పీఠం మీద తాతయ్య

హసింతాకు గొడుగు పట్టుకోవడమంటే నామోషీ. మెక్సికోలో కెరెతారో పట్నం దగ్గర రాళ్లు చెక్కేవాళ్ల ఊళ్లో పుట్టిన పిల్ల, వానకు జడిసి ఇంట్లో కూర్చోవడం ఎరగదు. చదివేది భవన నిర్మాణం. సెలవు దొరికితే చాలు, బస్సెక్కి ఏదో ఒక నగరానికి పోయి గోడలు చూస్తూ తిరుగుతుంది. ఈసారి పోయినవాళ్ల పండుగకు కూడా ఇంటికి వెళ్లకుండా మెక్సికో నగరానికి వచ్చేసింది. "పండక్కి రావే" అని తాతయ్య మెలితోన్ ఫోన్లో బతిమాలితే, "చచ్చినవాళ్లు హాజరు వేసుకోరులే తాతయ్యా" అని విసుక్కుని పెట్టేసింది. తర్వాత మనసు పీకింది గానీ మళ్లీ ఫోన్ చెయ్యలేదు. పంతంలో అచ్చం తాత పోలికే.

పొద్దుటినుంచీ ఒకటే వాన. రెండు మ్యూజియాలు చూసి, నేలలోకి కుంగి ఒక పక్కకు ఒరిగిన చర్చి గోడ కింద కాసేపు నిలబడి, తడిసి ముద్దయి మూడో మ్యూజియంలో దూరింది. పాతకాలం జమీందారు మేడ అది. మెట్ల పక్కన పండుగ పీఠం కట్టారు. బంతిపూలు, కొవ్వొత్తులు, తీపి రొట్టెలు, ఒక సారా సీసా. మేడను బాగుచేసిన రాతిపనివాళ్లలో కాలం చేసినవాళ్ల కోసమట. వరసగా వాళ్ల ఫొటోలు.

అందులో తాతయ్య ఉన్నాడు.

అదే గుబురు మీసం, కనుబొమ్మ మీద అదే గాటు. హసింతా మొహాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. బతికున్న మనిషి ఫొటో పీఠం మీద ఎవరూ పెట్టరు. అది చావును పేరుపెట్టి పిలవడమే. నానమ్మ పోయినప్పుడు పరీక్షలయ్యేదాకా తనకు చెప్పకుండా దాచారు ఇంట్లోవాళ్లు. ఇప్పుడూ అంతేనా? తను ఆఖరుసారి అన్నమాట ఆ పాడుమాటేనా?

ఇంటికి ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేసింది. మళ్లీ.

కాపలా కాసే ఎల్విరా పరుగున వచ్చింది. "ఏమైంది తల్లీ?"

"ఈయన... ఎప్పుడు పోయాడు? మా తాతయ్య!"

ఎల్విరా శిలువ గుర్తు వేసుకుని ఫొటో కిందికి దించింది. చట్రం విప్పితే ఫొటో సగానికి మడిచి ఉంది. వెనక సగంలో ఇంకో మొహం.

"అయ్యో, నా మతి మండ! జంట ఫొటో తల్లీ ఇది. బతికున్నాయన్ని వెనక్కి మడిచే తెచ్చిచ్చారు పోయినాయన ఇంటివాళ్లు. చట్రంలో బిగించేటప్పుడు నేనే తిరగేశాను. నూరేళ్లు బతుకుతాడు మీ తాత, నన్ను తిట్టకు!"

వెనక ఉన్నది ఫిదెన్సియో. తాతయ్యతో కలిసి రాళ్లు చెక్కిన నేస్తం, ఆయన చెప్పే ప్రతి కథలోనూ ఉండే ఫిదెన్సియో. అంతలో ఫోన్ మోగింది.

"ఏంటే, కొంపలంటుకున్నట్టు అన్నిసార్లు చేశావ్? పందికి మేత వేసుకోనివ్వవా?"

"తాతయ్యా! ఉన్నావా!"

"లేకేం? నువ్వు రానన్నావని చస్తాననుకున్నావా?"

హసింతాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. "రేపు వచ్చేస్తున్నా తాతయ్యా, ఒట్టు. ఇక్కడేం చేశారో తెలుసా? నిన్ను పీఠమెక్కించారు! ఫొటో తిరగేసేశారు. ఫిదెన్సియో తాత మొహం పైకి ఉండాల్సింది, నీ మొహం పెట్టి..."

చెబుతూ చెబుతూ పగలబడి నవ్వింది. అటువైపు పంది గురగురలాడటం మాత్రం వినిపించింది.

"ఫిదెన్సియోనా?" అన్నాడు మెలితోన్. "వాడెప్పుడు పోయాడే?"