ఎల్లయ్య కాక నొక్కిన బటన్

ఈ మాట గొంతులో పెట్టుకుని ఏళ్ళుగా తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పబోయిన ప్రతిసారీ మాట మార్చి, టీ తాగి వచ్చేశాను. ముందే చెబుతున్నాను, ఇందులో నన్ను చూసి జాలిపడాల్సింది ఏమీ లేదు. నా మీద నాకే రోత.

నేను సూరత్‌లో మిల్లు యంత్రాలకు ప్రోగ్రాములు రాస్తాను. పెరిగింది ఆ ఊళ్ళోనే, తెలంగాణ నుంచి వలస వచ్చిన మావాళ్ళుండే డిండోలిలో. మా పక్కింటి ఎల్లయ్య కాక బట్టకు రంగులు వేసే మిల్లులో ఆపరేటర్. చుట్టరికం ఏమీ లేదు, అయినా కాకే. ఆ మిల్లు సేఠ్ కొత్త కంట్రోలర్లు పెట్టిస్తున్నాడని తెలిసి, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, మావోడే అని చెప్పి పని ఇప్పించింది ఆయనే.

పని ఇది. రంగులు కలిపే గదిలో ఒక కంట్రోలర్, బట్ట ఉడికే యంత్రం దగ్గర ఇంకొకటి. రెంటినీ కలిపే కేబుల్‌ను ఫీల్డ్‌బస్ అంటాం. ఎంత వేడి, ఎంతసేపు, ఏ రంగు ఎంత పొయ్యాలి, ఈ వివరాలన్నీ ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళాలి. ఆ కేబుల్ ఒక్కసారికి మోసేది కొంచెమే. అందుకని మొత్తాన్ని ముక్కలు చేసి, ముక్కకో నంబరు వేసి పంపుతాం. అవతలి కంట్రోలర్ ఆ నంబరును తిప్పి పంపితే అందినట్టు. అప్పుడే తర్వాతి ముక్క. అన్నీ అందాకే యంత్రం వాటిని వాడాలి. ఈ పనిలోకి వచ్చిన ఎవరికైనా మొదట నేర్పేది ఇదే. నేనూ అలాగే రాశాను.

అప్పగించే రోజు సేఠ్ స్క్రీన్ ముందు నిలబడి రంగు మార్చి చూశాడు. మారడానికి కాస్త టైం పట్టింది. "బహు ధీమూ ఛే" అన్నాడు, మరీ నెమ్మదిగా ఉందని. ముఖం చిట్లించాడు, అంతే, తిట్టనైనా లేదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన భోజనం చేసి వచ్చేలోగా ముక్క అందిందన్న జవాబు కోసం ఆగే భాగాన్ని తీసేశాను. అన్నీ అందాయా అని చివర చూసుకునే భాగం ఉంటే ఇంకా కొంచెం ఆగుతోందని దాన్నీ తీసేశాను. ఆయన వచ్చి నొక్కగానే స్క్రీన్ మీద రంగు మారింది. నా భుజం తట్టాడు. ఆ తట్టుడికి పొంగిపోయిన నన్ను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. తర్వాత సరిచేద్దాంలే అనుకున్నాను. ఇంకో మిల్లు పని వచ్చింది, మరిచిపోయాను అని రాయబోయాను. మరిచిపోలేదు. బద్ధకించాను.

కొన్ని నెలలు బాగానే నడిచింది. ఒక రోజు లేత గులాబి రావాల్సిన చీరల బట్ట బురద రంగులో, మచ్చలు మచ్చలుగా బయటికి వచ్చింది. ఆ డ్యూటీ ఎల్లయ్య కాకది. రంగు పేరు మొదటి ముక్కలో వెళుతుంది కాబట్టి స్క్రీన్ మీద లేత గులాబి అనే ఉంది. వెనకాల కొలతలు మాత్రం అంతకుముందు నడిచిన మెరూన్‌వి. ఆపరేటరే చేత్తో కొలతలు మార్చాడని, తాగి వచ్చాడని మేనేజరు తేల్చేశాడు. కాక ఒకప్పుడు తాగేవాడు. మానేశాడని మా గల్లీ అంతటికీ తెలుసు. తెలిస్తే ఏం? ఒకప్పుడు తాగినవాడి మాట ఎవరు వింటారు?

నన్ను పిలిపించారు. లాప్‌టాప్ తగిలించగానే అర్థమైంది. యంత్రం వేరే పనిలో ఉండగా వెనక ముక్కలు చదవకుండానే పోయాయి, వాటి చోట పాతవి అలాగే ఉండిపోయాయి. పక్కన మేనేజరు నిలబడి ఉన్నాడు. "ప్రోగ్రాం ఠీక్ హై" అన్నాను. చిన్న అప్‌డేట్ అని చెప్పి, తీసేసిన భాగాలను ఆయన ముందే తిరిగి పెట్టేశాను. ఎంత నేర్పు!

అక్కడితో ఆగినా కొంత నయం. మావాళ్ళను మిల్లుల్లో పెట్టుకునేది పెద్దల పూచీ మీదే. కాక పూచీ మీద ఆ మిల్లులో చేరినవాళ్ళు చాలామంది. ఆయన మాట చెడితే మావాళ్ళకు ఆ తలుపు మూసుకుపోతుంది. అందుకని ఆదివారం కుల సంఘం కూర్చుంది. తాను తాగలేదని, కొలతలు ముట్టలేదని మా కులదైవం మార్కండేయ స్వామి పటం మీద ఒట్టేస్తానని కాక చెయ్యి చాచాడు. సంఘం పెద్ద ఆపి, నా వైపు తిరిగాడు.

"ఒట్టు తర్వాత. సదువుకున్న పోరగాడు ఉన్నడు గద, గాయన్నే అడుగుదాం. ఏంరా, మిషిను దానంతటదే గిట్ల జేస్తదా?"

"చెయ్యది తాత. మనం ఏది నొక్కితే గదే జేస్తది."

కాక కోపంగా చూస్తాడనుకున్నాను. చూడలేదు. "జర మంచిగ సూడు బిడ్డా" అన్నాడు. "నేను గులాబి ఒక్కటే నొక్కిన. ఇంకోటి ముట్టలే."

"తెల్వకుంట సెయ్యి తాకిందేమో కాక. ముసలి పానం గద."

ఆ మాట నాకు ఎక్కడి నుంచి వచ్చింది? నన్నెవరూ అడగలేదే! తాగాడన్న నింద నుంచి కాపాడుతున్నట్టు నటిస్తూ, అంతకన్నా లోతుగా దిగే నిందను నేనే తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. పోరగాడు పెద్దల పట్ల ఎంత మర్యాదగా మాట్లాడాడని అక్కడున్నవాళ్ళు మెచ్చుకున్నారు కూడా. కాక ఒట్టు వెయ్యలేదు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. నా మాట నిజమేమోనని ఆయనకు అప్పుడే అనుమానం వచ్చింది.

కాకకు ఆ పని పోయింది. ఇప్పుడు భేస్తాన్‌లో ఒక మగ్గాల షెడ్డులో నూలు మూటలు మోస్తున్నాడు. నేను డబ్బున్నవాళ్ళుండే అడాజన్‌లో ఫ్లాట్ కొన్నాను. ఈ రెండూ పక్కపక్కన రాస్తుంటేనే కంపు కొడుతోంది.

మొన్న మనవరాలి పుట్టువెంట్రుకలకు పిలవడానికి మా ఇంటికి వచ్చాడు. సాగనంపడానికి లిఫ్ట్ దాకా వెళ్ళాను. ముందు నిలబడ్డాడు గానీ బటన్ నొక్కలేదు. "నువ్వు నొక్కు బిడ్డా, నేను నొక్కితే ఉల్టా పడ్తది" అన్నాడు నవ్వుతూ. ఇంట్లో గ్యాస్ పొయ్యి కూడా ముట్టడట. ఫోన్ కూడా కోడలే కలిపి ఇవ్వాలట.

నేను నొక్కాను. లిఫ్ట్ పైకి వచ్చేదాకా చెప్పడానికి సమయం ఉంది. ఎందుకు చెప్పలేదు? పెద్దాయన మనసు కష్టపెట్టడం ఎందుకని అనుకున్నాను, ఇన్నేళ్ళ తర్వాత తవ్వుకోవడం ఎందుకని అనుకున్నాను, చెబితే క్షమిస్తాడేమో, ఆ క్షమ తీసుకునే ముఖం నాకెక్కడిదని కూడా అనుకున్నాను. అన్నీ సాకులే. నాది పిరికితనం. దానికి మంచి మంచి పేర్లు పెట్టడం నాకు బాగా వచ్చు.

కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఎల్లయ్య కాక ఆ రోజు తాగలేదు. గులాబి ఒక్కటే నొక్కాడు. ఆయన చెయ్యి ఎక్కడా తప్పలేదు. తప్పు నాది, ఆ సంగతి తెలిసే సంఘంలో నిలబడి అబద్ధమాడాను. ఇదంతా ఆయనకు వినబడదు, రేపు కూడా ఆయన ఏ బటనూ ముట్టడు. రాసుకున్నందుకు నాకు మాత్రం కాస్త ఊపిరాడుతోంది, సిగ్గు లేకుండా.