బుద్రి ఇచ్చిన రెండో శాంపిల్

ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే టీ పెట్టుకొస్తానని లేచి వెళ్లిపోయే రకం నేను. రక్తం తీయడం, పరీక్షకు పంపడం నా ఉద్యోగం. దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. జరిగింది మాత్రం చెబుతాను.

ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగే బ్లడ్ క్యాన్సర్ మీద మా ఆసుపత్రిలో పరిశోధన జరుగుతోంది. రక్తంలో గ్రోత్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ ఎక్కువుంటే జబ్బు త్వరగా ముదురుతుందా అన్నది చూస్తున్నారు. అరకు చుట్టుపక్కల రోగుల శాంపిళ్లు నేనే తీస్తాను. కొండల మీది వాళ్లు ఎలాగూ దిగుతారని సంతరోజే అరకు వెళ్లి కూర్చుంటాను.

బుద్రి అలాగే వచ్చింది. కాఫీ తోటల్లో పని చేసే మనిషి, చిన్న వయసే. ఆమెకు ఆ ప్రొటీన్ చాలా ఎక్కువగా వచ్చింది. ఆమె వాడే మాత్రలు మార్చి ఖరీదైన మందు ఇద్దామని డాక్టరుగారిని బతిమాలాను. ఒక్క అంకె చూసి మార్చలేమని, రెండో శాంపిల్ కూడా ఎక్కువొస్తే చూద్దామని అన్నారు. దానికి ఆరు నెలలు ఆగాలట. మేం ఆగమంటే జబ్బు ఆగుతుందా? అయినా డాక్టరుగారన్న మాటే బుద్రికి చెప్పాను. తలూపి వెళ్లిపోయింది.

వానలు వెళ్లి కాఫీ పళ్లు ఎర్రబడుతుండగా, ఒక సంత పొద్దున బుద్రి వచ్చి నా ముందు కూర్చుంది. బాగా చిక్కిపోయింది.

"రెండోపాలి నెత్తురిత్తే మంచి మందు ఇత్తామన్నారు గదమ్మా. బేగి తీసీ."

చెయ్యి చాపింది. మోచేతి కింద తేలు పచ్చబొట్టు, దాని పక్కన నాకు గుర్తున్న నరం. చెయ్యి చల్లగా ఉంది, కానీ ఆ చలిలో ఎవరిదైనా అంతే. రక్తం మామూలుగానే వచ్చింది. ట్యూబు మీద పేరు రాసి తలెత్తేసరికి ఆమె లేదు. జనంలో కలిసిపోయిందనుకున్నాను.

ఫలితం వచ్చింది. అదే జబ్బు, ప్రొటీన్ ఇంకా పెరిగింది. ఈసారి మందు ఇచ్చారు. నేనే సంతోషంగా సంతకు పట్టుకెళ్లి, వచ్చి తీసుకోమని ఊరికి కబురు పెట్టాను. ఆమె తమ్ముడొచ్చాడు.

"ఎవలికమ్మా మందు? మా అక్క వానల్లోనే పోనాది. రోడ్డు నేదు గదా, డోలీ కట్టి మోసుకొత్తంటే దారిలోనే ఊపిరొగ్గేసినాది."

డాక్టరుగారికి చెబితే నవ్వారు. బుధవారం పుట్టిన ప్రతి పిల్లా బుద్రే కదా, ఇంకో బుద్రి అయి ఉంటుందన్నారు. వారాల పేర్లు పెట్టుకోవడం ఇక్కడ నిజమే. ఆ పేరు, ఆ పచ్చబొట్టు, ఆ జబ్బు మూడూ ఉన్న ఇంకో ఆడమనిషి కోసం ఊరూరా అడిగాను. ఎక్కడా లేదు.

తమ్ముడికి అక్క వచ్చిన సంగతి చెప్పినప్పుడు అతను జడుసుకోలేదు. "ఏటడిగినాది?" అన్నాడు.

మందడిగిందని చెప్పాను.

"అడిగినాది గదా, ఇచ్చీమ్మా. దాని సమాధి కాడ ఎట్టేత్తాను."

ఇచ్చేశాను. నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో చెప్పలేను. ఆ ట్యూబులో రక్తం ఎవరిదో నేటికీ నాకు తెలియదు. మందు మాత్రం అడిగిన మనిషికే పంపాను, మింగడానికి ఆమె లేకుండా పోయాక.