రిజిస్టరులో ఒకే వరుస

మా ఊరి లూథరన్ చర్చికి ఒక చరిత్ర పుస్తకం వేద్దామని సంఘ పెద్దలు అనుకున్నప్పుడు, రాసే పని నా మీద పడింది. నేను హైస్కూల్లో ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. నేను చెప్పింది పాఠం, పిల్లలు విన్నది గంట. అయినా తెలుగు మాస్టారు కాబట్టి తప్పుల్లేకుండా రాస్తాడని ఊళ్ళో ఒక నమ్మకం. మా ఆవిడ పోయి అప్పటికి ఎనిమిది నెలలు. పదవీ విరమణ ఎప్పుడో అయింది. ఆవిడ వెళ్ళాక పద విరమణ కూడా అయింది. ఇంట్లో నేనూ, ఎనభై ఆరేళ్ళ మా అమ్మా. "మీకూ కాస్త కాలక్షేపంగా ఉంటుందండి మాస్టారూ" అన్నారు పాస్టరు గారు. ఆయన మా పెద్దబ్బాయి కన్నా చిన్న. వద్దనడానికి కూడా కొంత ఓపిక కావాలి. అది లేక సరేనన్నాను.

పుస్తకంలో సగం చర్చి కథ, సగం కుటుంబాల వంశవృక్షాలు. రొయ్యల చెరువుల కోసం చుట్టుపక్కల చెట్లన్నీ కొట్టేశాక మాకు మిగలబోయే వృక్షాలు ఇవే. మొదటి సగం గురించి ఎవరూ పేచీ పెట్టలేదు, ఎవరూ చదవరు కాబట్టి. రెండో సగం దగ్గర మాత్రం మొదటి వారమే గొడవైంది. సంఘ పెద్దల్లో కొబ్బరి వ్యాపారం చేసే ఆయన ఒకరున్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను మెట్ల మీదే ఆపేశారు.

"ఊళ్ళో అందరికన్నా ముందు బాప్తిస్మం పుచ్చుకున్నది మా ముత్తాతండి. రాసుకోండి."

"రిజిస్టరులో మొదటి పేరు వేరేవాళ్ళదండి."

"ఎందుకుండదండి మరి! వరసలో మా ముత్తాతే ముందు నిలబడ్డాడు. రాసినాయన అటు చివర్నించి రాసుకొచ్చాడండి."

"మీరు చూశారాండి?"

"చూడ్డానికేముందండి, మా ఇంట్లో అందరికీ తెలుసు."

అలాంటి ముత్తాతలు ఇంకో నలుగురు తయారయ్యేసరికి పాస్టరు గారు ఒక నియమం పెట్టారు. బాప్తిస్మపు రిజిస్టరులో పేరుంటే వంశవృక్షంలో ఒక గీత. లేకపోతే లేదు. ఎవరి మాటా వినేది లేదు. కమిటీలో అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఆ రోజుల్లో నా తల ఎటైనా ఊగేది.

రోజూ పొద్దున్న చర్చి వెనక గదిలో కూర్చుని పాత రిజిస్టర్ల లోంచి పేర్లు నా నోటు పుస్తకంలోకి ఎక్కించేవాణ్ణి. తేదీ, బిడ్డ పేరు, పుట్టిన రోజు, తల్లి, తండ్రి, తండ్రి వృత్తి, పాస్టరు సంతకం. వృత్తి గడిలో పేజీల తరబడి ఒకటే మాట, కూలి. ఎక్కడైనా పాలేరు అని కనబడితే ఎవరికో ప్రమోషన్ వచ్చినట్టుండేది. పేజీలకి పురుగులు చిల్లులు పెట్టాయి. ఇన్ని పేర్లు తిన్నాక వాటికీ సంఘ సభ్యత్వం ఇవ్వాల్సిందే. ఆ పని నాకు సరిపోయింది. పుట్టినవాళ్ళని చూసి సంతోషపడక్కర్లేదు, పోయినవాళ్ళని చూసి ఏడవక్కర్లేదు. చేతి మీద తల పెట్టుకుని పడుకుంటే తిమ్మిరెక్కుతుంది చూడండి, చెయ్యి ఉంటుంది కానీ మనది కానట్టుంటుంది. నేనంతా అలా ఉన్నాను.

ఒకే తల్లిదండ్రులకి ఒకే పేరుతో ఇద్దరు పిల్లలు కనిపించినప్పుడు మాత్రం నాలోని మాస్టారు లేచేవాడు. రాసినవాడు పొరపాటున రెండుసార్లు రాశాడనుకుని, నా నోటు పుస్తకంలో ఒకదాన్ని ఎర్ర సిరాతో కొట్టేసేవాణ్ణి.

ఇంటికొచ్చేసరికి మా అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని వాకిట్లో ఉండేది. చూపు దాదాపు పోయింది, చెవులు బాగానే ఉన్నాయి.

"పెద్దోణ్ణి ఎక్కించావేంట్రా?"

నాకు ముందు ఒకడు పుట్టి ఏడాదిన్నరకి జ్వరంతో పోయాడని నాకు తెలుసు. అంతకు మించి తెలియదు. మా ఇంట్లో వాడి ఊసు ఎత్తేవారు కాదు. సమాధుల తోటలో కాలవ గట్టు వైపు చివర పెట్టారట. ఆ అంచు ఏళ్ళ తరబడి జారుతూ వచ్చి, పక్కన చెరువులు తవ్వాక పూర్తిగా పోయింది. ఇప్పుడు అక్కడ నీళ్ళు కొట్టే ఏరేటర్లు తిరుగుతున్నాయి. ఫలానా చోట నా బిడ్డ ఉన్నాడని చూపించుకోవడానికి ఆవిడకి జానెడు నేల లేదు. అందుకే పుస్తకంలో వాడి పేరు కావాలంది. రోజూ అడిగేది, పాలవాడు వచ్చాడా అని అడిగినంత మామూలుగా.

మా వాళ్ళ పేజీలు వచ్చిన రోజు జాగ్రత్తగా వెతికాను. మా అమ్మా నాన్నల పేర్లున్న వరుసలు నాలుగే. నేనూ, ముగ్గురు చెల్లెళ్ళూ. వాడు లేడు. ఇంటికెళ్ళి ఆ మాటే చెప్పాను.

"లేకపోవడమేంట్రా? తెల్ల జుబ్బా తొడిగి నేనే కదా ఎత్తుకుని నిలబడింది. సరిగ్గా చూడు."

"ఏం పేరమ్మా?"

నా పేరు చెప్పింది.

"అది నా పేరు."

"ముందు వాడిదే. వాడు పోయాక నువ్వు పుట్టావు. పేరు పోకూడదని నీకూ అదే పెట్టాం. ఆ రోజుల్లో అందరూ అంతే కదరా."

ఎర్ర సిరాతో నేను కొట్టేసిన పేర్లు అప్పుడు గుర్తొచ్చాయి. అవి పొరపాట్లు కావు. ఒకడు పోయి, ఇంకొకడు వచ్చి అదే పేరు మోసిన ఇళ్ళు. నేను తప్పులు దిద్దుతున్నాననుకుంటూ పదకొండు మంది పిల్లల్ని దిద్దేశాను.

"మరి నా పేరు ఒకసారే ఉందేంటమ్మా?"

"నువ్వు పుట్టిన మూడో రోజునే వాడికొచ్చినట్టే జ్వరం. పాస్టరు గారేమో భీమవరంలో ఉండిపోయారు. ఇళ్ళకొచ్చి వాక్యం చెప్పే బైబిల్ స్త్రీ ఉండేది, ఆవిడే చెంబుతో నీళ్ళు తెచ్చి నీ తల మీద పోసి పేరు పెట్టేసింది. నువ్వేమో బతికేశావు. ఇంక రాయించే తీరికెవరికి?"

"నేను బళ్ళో ఇచ్చిన బాప్తిస్మం సర్టిఫికెట్టు?"

"వాడిదే. మీ నాన్న వెళ్ళి అడిగితే రిజిస్టరు చూసి రాసిచ్చారు. తండ్రి సరిపోయాడు, తల్లి సరిపోయింది, పేరు సరిపోయింది. ఇంకేం కావాలి?"

వాడికీ నాకూ రెండేళ్ళ తేడా. అంటే నేను పుట్టిన తేదీ అనుకున్నది నాది కాదు. తరగతిలో అందరికన్నా పొట్టివాణ్ణి, అందరికన్నా ఆలస్యంగా లెక్కలు వచ్చినవాణ్ణి. నాది మందబుద్ధి అని మా మాస్టార్లు అనేవారు. రెండేళ్ళు చిన్నవాణ్ణని ఎవరికీ తట్టలేదు, మందబుద్ధి కాబట్టి నాకసలు తట్టలేదు. రిటైరైన రోజున సభ పెట్టి దండ వేసింది కూడా వాడికే. ఇదంతా విని ఏదో ఒకటి అనిపించాలి కదా అని కాసేపు చూశాను. ఏమీ అనిపించలేదు. కాఫీ తాగేశాను.

మర్నాడు కొట్టేసిన పదకొండు పేర్లూ మళ్ళీ ఎక్కించాను. మా వరుస దగ్గర పెన్ను ఆగింది. వరుస ఒకటి, గీత ఒకటి. వాడికిస్తే నేను లేను, నేను తీసుకుంటే వాడు లేడు. పాస్టరు గారితో చెప్పాను.

"రాసేది మీరే కదండి, ఇద్దర్నీ వేసేయండి. ఎవరు చూడొచ్చారు?"

"అలా వేస్తే కొబ్బరాయన ముత్తాతని కూడా వెయ్యాలండి."

ఆయన గడ్డం గోక్కున్నారు. "పోనీ మీరే ఉంచేసుకోండి. ఆ బాబు దేవుడి పుస్తకంలో ఎలాగూ ఉన్నాడు."

"ఆ పుస్తకం మా అమ్మ చేతికి అందదండి. ఇదైతే తడిమి చూసుకుంటుంది."

"మరి మీరో? మీ పిల్లల్ని, మనవల్ని ఎక్కడ తగిలిస్తారు?"

"వేరే ఊరి సంఘాల నించి పెళ్ళి చేసుకొచ్చినవాళ్ళ సంగతి ఎలా రాస్తున్నామండి?"

"గీత లేకుండా, భార్య పక్కనో భర్త పక్కనో పేరు వేస్తున్నాం."

"మా ఆవిడ ఈ ఊరి పిల్లే. ఆవిడకి గీత ఉంది."

ఆయన రిజిస్టరు మూసి, "ఆయ్. నియమానికి సరిపోయిందండి" అన్నారు.

అచ్చు కాగితాలు వచ్చిన రోజు సాయంత్రం మా పేజీ అమ్మ ఒళ్ళో పెట్టాను. పైన మా నాన్న పేరు, పక్కన ఆవిడ పేరు, కింద నాలుగు గీతలు. మొదటి గీత కింద ఉన్న పేరు మీదికి ఆవిడ వేలు పట్టుకుని జరిపాను.

"ఇదేనా?"

"ఇదే. వాడిదే."

"జుబ్బా సంగతి రాయలేదు కదా?"

"లేదమ్మా. పేరొక్కటే."

"చాల్లే." వేలు తియ్యలేదు. అలాగే అడిగింది. "మరి నువ్వెక్కడ్రా?"

"నీ కోడలి వాళ్ళ పేజీలో ఉన్నాను. ఆవిడ పక్కన."

"ఈ వయసులో ఇల్లరికం వెళ్ళావా?"

"వెళ్ళానమ్మా."

"అది నిన్ను రానిచ్చిందా?"

"ఏమీ అనలేదు."

ఆ పేజీ తీసి చూపిద్దామని, కింద ఉన్న కాగితాలు పైకి తియ్యబోయాను. వాడి పేరు మీది వేలు అలాగే ఉంచి, ఆవిడ ఇంకో చేత్తో నా చెయ్యి పట్టుకుంది.

"ఉండరా," అంది. "ఇంకాసేపు ఇక్కడే ఉండనీ."